సిపాయి కంచంలో చెయ్యి పెట్టకండి

కాలిఫోర్నియాలోని మొజావీ ఎడారిలో ఫోర్ట్ ఇర్విన్ అనే సైనిక శిక్షణ కేంద్రం ఉంది. అమెరికా సైన్యంలోని బ్రిగేడ్లు వంతులవారీగా అక్కడికి వెళ్ళి యుద్ధ సాధన చేస్తాయి. ఒక్కో విడత దాదాపు నెల రోజులు. పగలు నిప్పులు చెరిగే ఎండ, రాత్రి ఎముకలు కొరికే చలి. ఇంటికి వెళ్ళడానికి వీలుండదు, నచ్చింది కొనుక్కోవడానికి కొట్టు ఉండదు. చాలా పూటలు చేతికి వచ్చేది గోధుమరంగు ప్లాస్టిక్ సంచీ ఒకటే. దాన్ని ఎంఆర్ఈ అంటారు, అంటే వండనక్కర్లేకుండా తినడానికి సిద్ధంగా ఉన్న భోజనం. ఒక్కో సంచీలో సుమారు 1,250 క్యాలరీలు ఉంటాయి. నీళ్ళు పోస్తే వేడెక్కే తిత్తిలో పెట్టి దాన్ని గోరువెచ్చగా చేసుకుని తినాలి. ఆ వ్యవధి కూడా లేకపోతే చల్లగానే తిని మళ్ళీ తుపాకీ భుజానికెత్తుకోవాలి.

అలా నెల గడిపి ఇల్లు చేరిన సిపాయి జీతం చీటీ తెరిచి చూసుకుంటాడు. కోతల వరసలో ఒక పద్దు కనిపిస్తుంది: మీల్ డిడక్షన్. ఎడారిలో చేతికిచ్చిన ఆ సంచులకు వెల కట్టి, అతని భత్యంలోంచి పట్టుకున్నారన్నమాట.

ఇది ఎవరో గుమాస్తా చేసిన పొరపాటు కాదు. అమెరికా రక్షణ శాఖ ఆర్థిక నిబంధనల్లో రాసి ఉన్న పద్ధతే. ప్రపంచంలోకెల్లా ఎక్కువ ఖర్చు పెట్టే సైన్యం తన సిపాయి ముందు పెట్టిన పూటకూటిని లెక్క రాసుకుంటోంది. దీని గురించి తెలుగు పాఠకులను హెచ్చరించడానికి రెండు కారణాలున్నాయి. మన పిల్లలు కొందరు ఆ సైన్యంలో ఉన్నారు. ఇదే పద్ధతి మన దేశపు గడప కూడా ఒకసారి తొక్కి వెళ్ళింది.

ముందు ఆ పద్ధతి ఎలా నడుస్తుందో చూద్దాం. అమెరికా సైనికుడికి మూల వేతనం కాక తిండి భత్యం ఒకటి ఇస్తారు. దాన్ని అక్కడ బీఏఎస్ అంటారు. 2025లో అది కింది స్థాయి సిపాయికి నెలకు 465 డాలర్ల 77 సెంట్లు, అధికారికి 320 డాలర్ల 78 సెంట్లు. మార్కెట్లో తిండి సరుకుల ధరలను బట్టి ఏటా సవరిస్తారు. పెళ్ళికాక బ్యారక్స్‌లో ఉంటూ సైనిక భోజనశాలలో తినే కుర్రాళ్ళకు ఈ భత్యం చీటీ మీద కనిపిస్తుంది కానీ పెద్దగా చేతికి రాదు. భోజనశాల ఖర్చు కింద అందులో ఎక్కువ భాగం వెనక్కి పోతుంది. పెళ్ళై బయట కాపురముంటున్నవాళ్ళకు మాత్రం నెలనెలా పూర్తిగా అందుతుంది. వాళ్ళను మైదాన శిక్షణకు పంపగానే కోత మొదలవుతుంది. ప్రభుత్వమే భోజనం పెడుతోంది కనుక ఆ రోజులకు భత్యం అక్కర్లేదన్నది వాదన.

ఈ నిబంధనలో అసలు ముల్లు మరొకటుంది. భోజనం తిన్నావా లేదా అని ఎవరూ అడగరు. అందుబాటులో ఉంచామా లేదా అన్నదే లెక్క. కాపలా డ్యూటీలో ఉండి అన్నం బండి దగ్గరికి వెళ్ళలేకపోయినా, సంచీ విప్పి రెండు ముద్దలు తిని పారేసినా, ఒంట్లో బాగోక అసలు ముట్టకపోయినా, ముందు కోత పడిపోతుంది. డ్యూటీ వల్ల తినలేకపోయిన పూటకు డబ్బు కావాలంటే తరువాత ఫారం పెట్టి అడుక్కోవాలి.

మన ఊళ్ళలో కోతల కాలంలో కూలి మాట్లాడుకునేటప్పుడు రెండు రేట్లుండేవి. తిండి పెడితే ఇంత, తిండి లేకపోతే ఇంత. ఏ రేటన్నది పొలంలో అడుగు పెట్టకముందే తేలిపోయేది. తిండి లేని కూలికి ఒప్పుకున్నవాడు సద్దిమూట కట్టుకుని వచ్చేవాడు. ఆసామి పిలిచి అంబలి పోస్తే అది అతని మంచితనం, దానికి కూలి డబ్బుల్లో పట్టుకునేవాడు కాదు. పట్టుకుంటే మర్నాడు ఆ చేలోకి మనిషి వచ్చేవాడు కాదు. ఎంత పిసినారి ఆసామైనా ఆ మర్యాద తప్పేవాడు కాదు. అక్షరం రాని పల్లె ఏనాడో తేల్చుకున్న ఈ న్యాయాన్ని వేల పేజీల నిబంధనలున్న రక్షణ శాఖ తేల్చుకోలేకపోయింది.

రెండో పక్షం మాట కూడా వినాలి. అది పూర్తిగా తీసిపారేసేది కాదు. 'తిండికని భత్యం ఇస్తున్నాం, భోజనమూ పెడుతున్నాం. ఒకే పూటకు ప్రజల డబ్బు రెండుసార్లు ఎందుకు ఖర్చు పెట్టాలి?' అని ఖజానా అధికారులు అడుగుతారు. కాగితం మీద ఇది సరైన ప్రశ్నే. రోజూ భోజనశాలకు నడిచి వెళ్ళి, నాలుగు రకాల్లో నచ్చింది వడ్డించుకుని, ఇష్టం లేకపోతే బయట తినే వీలున్న కుర్రాడి విషయంలో దానికి కొంత బలం ఉంది కూడా.

మైదానంలో ఉన్న మనిషి సంగతి వేరు. అతను అక్కడికి సొంత పని మీద వెళ్ళలేదు, ఆజ్ఞ మీద వెళ్ళాడు. ఏం తినాలో, ఎప్పుడు తినాలో అతని చేతిలో లేదు. వద్దనే హక్కు లేని చోట జరిగేది కొనుగోలు ఎలా అవుతుంది? వాహనంలో పోసిన డీజిల్ ఎలాంటిదో, తుపాకీలో నింపిన గుండు ఎలాంటిదో, ఆ సంచీ అలాంటిదే. శిక్షణలో పేల్చిన గుండ్లకు సిపాయి దగ్గర డబ్బు పట్టుకోవాలని ఇంతవరకు ఎవరికీ తోచలేదు. అతని కడుపులో పడిన తిండికి మాత్రం తోచింది.

ఇంకో విడ్డూరం చూడండి. అదే సిపాయిని ఇరాక్‌కో అఫ్గానిస్తాన్‌కో నిజమైన యుద్ధానికి పంపినప్పుడు భోజనం పెట్టారు, భత్యమూ పూర్తిగా ఇచ్చారు. అక్కడ ఒకే పూటకు రెండు ఖర్చులన్న వాదన ఎవరికీ గుర్తు రాలేదు. యుద్ధానికి పోతే కోత లేదు, యుద్ధానికి సన్నద్ధం కావడానికి పోతే కోత ఉంది. ఈ తేడాకు సూత్రమేమిటో ఎంత వెతికినా దొరకదు.

భత్యం సిపాయి ఒక్కడి తిండికే ఇస్తున్నాం, కుటుంబానికి కాదని నిబంధన చెబుతుంది. నిబంధన రాసినవాళ్ళు సంసారం చేసి ఉంటారు కదా! నెలనెలా వచ్చే డబ్బు వచ్చినట్టే ఇంటి ఖర్చులో కలిసిపోతుంది. పాలవాడికీ, పిల్లల ఫీజుకూ, అద్దెకూ పేర్లు రాసి విడివిడి డబ్బాల్లో ఎవరూ దాచుకోరు. ఇంటి పెద్ద నెల రోజులు ఎడారిలో ఉన్నాడని అద్దె తగ్గదు. అతనికి మాత్రం అక్కడ ఖర్చు లేదా? మైదానానికి బయల్దేరే ముందు సిపాయిలు సొంత డబ్బుతో చిరుతిళ్ళు కొని సంచుల్లో కుక్కుకుంటారు. వాళ్ళ పరిభాషలో దాన్ని పోగీ బెయిట్ అంటారు. ఎండుమాంసం ముక్కలు, గింజలు, చాక్లెట్లు, ఇన్‌స్టెంట్ కాఫీ. సర్కారు సంచీ ఒక్కదానితో రోజు గడవదని పాతవాళ్ళు కొత్తవాళ్ళకు చెప్పే మొదటి పాఠం అదే. అంటే ఆ నెల తిండి ఖర్చు అతనికి రెండుసార్లు పడుతుంది, ఒకటి జేబులోంచి, రెండోది జీతం చీటీలోంచి.

ఈ దెబ్బ ఎవరికి తగులుతోందో చూడండి. అమెరికా రక్షణ శాఖే 2020లో తన సైనికులను అడిగి తెలుసుకున్న లెక్కల ప్రకారం, విధుల్లో ఉన్నవారిలో 24 శాతం మంది అంతకు ముందు ఏడాదిలో ఏదో ఒక దశలో తిండికి కటకట పడ్డారు. ఆ లెక్కను 2022 జులైలో విడుదల చేసిన ఆహార భద్రత ప్రణాళికలో ఆ శాఖే ఒప్పుకుంది. నలుగురిలో ఒకరు. నెలాఖరుకు అన్నదాన కేంద్రం ముందు వరసలో నిలబడే సిపాయి భార్యకు, ఆ నెల భత్యంలో వంద డాలర్లు తగ్గినా రెండు వందలు తగ్గినా అది లెక్కల పుస్తకంలో సర్దుబాటు కాదు. వంటగదిలో ఖాళీ డబ్బా.

ఈ పద్ధతి ఎక్కడిదాకా పోగలదో తెలియాలంటే 2003కు వెళ్ళాలి.

ఆ ఏడాది ఇరాక్‌లో గ్రెనేడ్ పేలి పాదంలో కొంత భాగం పోగొట్టుకున్న ఒక మెరీన్‌ను వాషింగ్టన్ పక్కన బెథెస్డాలోని నౌకాదళ ఆసుపత్రిలో చేర్చారు. అతను అక్కడ 26 రోజులున్నాడు. బయటికొచ్చాక ఒక బిల్లు అందింది. రోజుకు 8 డాలర్ల 10 సెంట్ల చొప్పున ఆసుపత్రి భోజనానికి 210 డాలర్ల 60 సెంట్లు కట్టాలి. భత్యం ఇస్తున్నాం, భోజనం పెట్టాం, ఒకే పూటకు రెండు ఖర్చులు కుదరవు. వాదన సరిగ్గా అదే. మైదానంలోని సిపాయికి ఏ తర్కం వర్తిస్తుందో, మంచంలో ఉన్న క్షతగాత్రుడికీ అదే తర్కాన్ని అక్షరం పొల్లు పోకుండా వర్తింపజేశారు. తర్కం ఎక్కడా తప్పలేదు. కానీ ఆ బిల్లు చూసినవాళ్ళెవరికీ అన్నం సహించలేదు.

ఫ్లోరిడా నుంచి ఎన్నికైన కాంగ్రెస్ సభ్యుడు బిల్ యంగ్ అప్పట్లో ప్రతినిధుల సభ ఖర్చుల కమిటీకి అధ్యక్షుడు. ఆయనా ఆయన భార్యా తరచూ ఆసుపత్రికి వెళ్ళి గాయపడినవాళ్ళను పలకరించేవారు. బిల్లు సంగతి అలా వాళ్ళ కంటపడింది. ఆయన పట్టుబట్టడంతో అదే ఏడాది చట్టం మారింది, ఆసుపత్రిలో చేరిన క్షతగాత్రుల దగ్గర భోజనం డబ్బులు వసూలు చేయడం ఆగింది. అంతటితో అయిపోయిందనుకున్నారు. 2005లో కోలుకుంటున్న సైనికుల నుంచి భోజనం డబ్బులు తీసుకునే సమస్య మళ్ళీ తల ఎత్తింది. అప్పటికి సెనేట్‌లో కొత్తగా అడుగుపెట్టిన బరాక్ ఒబామా దాన్ని ఆపడానికి సవరణ తేవాల్సి వచ్చింది. ఒక తలుపు మూస్తే ఇంకో తలుపులోంచి వచ్చింది. మూలంలో ఉన్న ఆలోచనను ఎవరూ ముట్టుకోలేదు కాబట్టే అలా జరిగింది. సిపాయి కంచం ఖజానాకు రాబడి అన్న ఆలోచన అది.

కంచం రాబడిగా మారితే ఏమవుతుందో 2025 ఫిబ్రవరిలో లోకానికి తెలిసింది. సైనిక వ్యవహారాల మీద రాసే ఒక అమెరికన్ వార్తాసంస్థ సైన్యం లెక్కలే తీసి బయటపెట్టింది. దేశంలోని 11 పెద్ద స్థావరాల్లో 2024లో సిపాయిల తిండి భత్యంలోంచి పట్టుకున్నది 22.5 కోట్ల డాలర్లు. అందులో 15.1 కోట్లు తిండి మీద ఖర్చు కాలేదు. జార్జియా రాష్ట్రంలోని ఫోర్ట్ స్టూవర్ట్‌లో 1.7 కోట్ల డాలర్లు వసూలు చేసి, తిండి సరుకుల మీద పెట్టింది 21 లక్షలే. మిగిలినదంతా ఏ పద్దుకు చేరిందో సైన్యం సూటిగా చెప్పలేకపోయిందని ఆ కథనం రాసింది. ఈ లెక్క ప్రధానంగా బ్యారక్స్ కుర్రాళ్ళది, మైదాన శిక్షణ కోతలది కాదు. ఆ తేడా నేను దాచను. కానీ రెండుచోట్లా నడిచేది ఒకే యంత్రం. ముందుగా కోత కోసేస్తారు. ఆ డబ్బుకు తగ్గ తిండి కంచంలోకి వచ్చిందా అని ఆ తరువాత ఎవరూ చూడరు. సరుకుకు ముందే డబ్బు తీసుకునే కొట్టువాడికి, కొనేవాడు వేరే కొట్టుకు పోలేడని తెలిస్తే తూకం ఎలా ఉంటుందో మన సంతలో ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది.

బ్రిటన్ ఇంకో దారి పట్టి చూసింది. ఒకప్పుడు అక్కడ సిపాయి జీతంలోంచి రోజుకు ఇంతని తిండికి పట్టుకునేవారు. ఈ శతాబ్దం మొదటి దశకంలో దాన్ని మార్చి, తిన్నప్పుడే డబ్బు కట్టే పద్ధతి పెట్టారు. సిపాయికి స్వేచ్ఛ అన్నారు. జీతం రాగానే ఖర్చు పెట్టేసి నెలాఖరుకు చేతులు ఖాళీ చేసుకునే పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆకలితో ఉన్నవాడికి అప్పు మీద అన్నం పెట్టే ఏర్పాటు ఒకటి చేయాల్సి వచ్చింది. దాని పేరే 'హంగ్రీ సోల్జర్', ఆకలిగొన్న సిపాయి. 2008లో అప్పటి సైన్యాధిపతి జనరల్ రిచర్డ్ డానట్ అంతర్గత నివేదికలోనే ఈ విషయం మీద ఆందోళన వెలిబుచ్చారని పత్రికలు బయటపెట్టాయి. ఒక రాజ్యం తన సైనిక పథకానికి అలాంటి పేరు పెట్టుకోవాల్సి రావడం కంటే పెద్ద హెచ్చరిక ఏం కావాలి?

అదే బ్రిటన్‌కు చరిత్ర ఒకసారి పాఠం చెప్పింది. 1797 ఏప్రిల్‌లో స్పిట్‌హెడ్ రేవులో నావికులు లంగరు ఎత్తబోమని మొండికేశారు. అప్పటికి 1658 నుంచి వాళ్ళ జీతం పెరగలేదు. జీతంతో పాటు వాళ్ళు అడిగినది తూకం. పౌనుకు పదహారు ఔన్సులు ఉండాలి. ఓడ మీద సరుకులు పంచే పర్సర్ మాత్రం పద్నాలుగే ఇచ్చేవాడు. మిగతా రెండు ఔన్సులు తరుగు కింద అతని ఖాతాలో ఉండిపోయేవి. ఫ్రాన్సుతో యుద్ధం నడుస్తున్న రోజుల్లో, ఇంగ్లీషు కాలువను కాపలా కాయాల్సిన ఓడలు రెండు ఔన్సుల కోసం నిలిచిపోయాయి. ప్రభుత్వం దిగివచ్చింది. తూకం పెంచారు, జీతం పెంచారు, రాజు క్షమాభిక్ష ఇచ్చాడు.

మన గడ్డ మీద కథ ఇంకా దగ్గరిది. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలోని హెచ్ఎంఐఎస్ తల్వార్ శిక్షణ కేంద్రంలో నావికులు అన్నం ముట్టలేదు. పెట్టిన తిండి పశువులు కూడా తినవన్నారు. తిండి లేనిదే పని లేదన్నారు. తెల్లదొరల అవమానాలు, జాతి వివక్ష, ఆజాద్ హింద్ ఫౌజ్ విచారణలు, అన్నీ లోపల మండుతూనే ఉన్నాయి. వాటికి నిప్పురవ్వ మాత్రం కంచంలోంచి లేచింది. చూస్తుండగానే 78 ఓడలూ, దాదాపు 20,000 మంది నావికులూ కదిలారు. ఆ సెగ కరాచీకీ, మద్రాసుకీ, మన విశాఖపట్నానికీ తాకింది. ఏడాదిన్నర తిరగకముందే ఆంగ్లేయుడు దేశం విడిచిపోయాడు. ఒక్క తిండే దానికి కారణమని చెప్పడం లేదు. సిపాయి ఓర్పు ఎంత గొప్పదైనా అది మొదట తెగేది ఎక్కడో చెబుతున్నాను.

ఇప్పుడు మన సంగతి. భారత సైన్యంలో జవానుకు రేషన్ డబ్బు రూపంలో కాక సరుకు రూపంలో ఉచితంగా ఇచ్చే సంప్రదాయం ఉంది. ఆర్మీ సర్వీస్ కోర్ సరుకు సరఫరా చేస్తుంది, లంగర్ అనే ఉమ్మడి వంటశాలలో వండుతారు. రాజస్థాన్ ఇసుకలో మహాజన్ ఫైరింగ్ రేంజ్‌కు సాధనకు పోయినా, సియాచిన్ మంచు మీద ఉన్నా, జవాను ముందు పెట్టిన రొట్టెకు బిల్లు రాదు. ప్యాకెట్ భోజనాలు తయారు చేసే విద్య మైసూరులోని రక్షణ ఆహార పరిశోధనాలయం 1961 నుంచి పెంచుకుంటూ వస్తోంది. ఈ విషయంలో మన పద్ధతి అమెరికా పద్ధతి కంటే మెరుగైనది, మానవీయమైనది. ఈ మాట గర్వంగానే చెప్పుకోవచ్చు.

కానీ మన గోడకూ బీట పడింది. ఏడో వేతన సంఘం తరువాత, 2017 జులై 1 నుంచి, శాంతి ప్రాంతాల్లో పనిచేసే సైనికాధికారులకు ఉచిత రేషన్ ఆపేసి, దాని బదులు రోజుకు వంద రూపాయల లోపు భత్యం ఇచ్చారు. అధికారులే కదా, జీతాలు బాగానే ఉన్నాయి కదా అనుకున్నవాళ్ళున్నారు. బజారు లేని మారుమూల ఛావనీలో డబ్బు చేతికిస్తే సరుకు ఎక్కడ కొనాలన్న ప్రశ్న పట్టించుకోలేదు. సైన్యంలో అసంతృప్తి రెండేళ్ళు రగిలింది. చివరికి 2019లో రేషన్‌ను మళ్ళీ సరుకు రూపంలోకి తెచ్చారు. మంచి నిర్ణయమే. అయినా దారి ఎటు పోతుందో ఆ రెండేళ్ళు చూపించాయి. సరుకును ముందు భత్యం చేస్తారు. ఆ తరువాత భత్యాన్ని కోతల ఖాతా చేస్తారు. అమెరికాలో నడిచింది ఈ దారే. ఇవాళ అధికారికి పెట్టిన నిబంధన రేపు జవానుకు పెట్టరని హామీ ఏమిటి?

కేంద్ర సాయుధ పోలీసు దళాల్లో ఇప్పటికే రేషన్ డబ్బు పద్ధతి నడుస్తోంది. సరిహద్దు భద్రతా దళంలాంటి చోట్ల భత్యం ఇస్తారు, మెస్ ఖర్చు అందులోంచి పోతుంది. 2017 జనవరిలో ఆ దళానికి చెందిన ఒక జవాను కశ్మీర్ సరిహద్దు నుంచి ఫోన్‌లో తీసి పెట్టిన వీడియో దేశమంతా చూసింది. మాడిన పరాఠా, పసుపూ ఉప్పూ తప్ప ఏమీ లేని నీళ్ళ పప్పు. దళం ఆ ఆరోపణలు నిజం కాదంది. కొన్ని నెలలకే అతన్ని ఉద్యోగంలోంచి తొలగించారు. ఆరోపణలో నిజమెంతో వాదించుకోవచ్చు. మొర చెప్పుకోవడానికి ఆ మనిషికి ఫోను తప్ప మరో దారి కనిపించలేదన్నది మాత్రం వాదనకు అందని విషయం.

సరుకు రూపంలో ఇస్తే చాలు, అంతా బాగుంటుందనీ అనలేం. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2010-11 నివేదికలో సైన్యపు రేషన్ సరఫరాను తనిఖీ చేసి, వాడకపు గడువు దాటిన సరుకు జవాన్లకు చేరిందని రాసింది. ఉచితంగా పెడుతున్నాం కదా, ఏదైనా పెట్టొచ్చు అన్న ధోరణి కూడా కంచంలో చెయ్యి పెట్టడమే. మనకు కావాల్సింది ఉచిత భోజనం, దాని మీద గట్టి తనిఖీ. తనిఖీ కష్టమని చెప్పి డబ్బు చేతికిచ్చి పక్కకు తప్పుకోవడం పరిష్కారం కాదు.

పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. మిలిటరీ మాధవరమని పేరు. తరాల తరబడి ఇంటికొకరు సైన్యానికి వెళ్ళిన ఊరు. అలాంటి ఊళ్ళు ప్రకాశంలోనూ రాయలసీమలోనూ ఉత్తరాంధ్రలోనూ ఉన్నాయి. ఆ ఇళ్ళలో బిడ్డ ఉత్తరం వచ్చినా ఫోను వచ్చినా తల్లి మొదట అడిగే మాట ఒకటే: 'తిన్నావా?' ఆ ప్రశ్నకు జవాబు ఖజానా చూసుకుంటుందన్న నమ్మకం మీదే ఆ తల్లులు పిల్లలను పంపారు. ఆ నమ్మకాన్ని రూపాయల్లోకి మార్చే ఏ ప్రతిపాదన వచ్చినా, అది ఏ వేతన సంఘం సిఫారసు రూపంలో వచ్చినా, ఎంత ఆధునికంగా వినిపించినా, పార్లమెంటులో మన సభ్యులు లేచి నిలబడి అడ్డుకోవాలి. ఎనిమిదో వేతన సంఘం పని మొదలైన ఈ సమయంలోనే ఆ మాట చెప్పాలి. సిఫారసులు అచ్చయ్యాక చెబితే పని జరగదు.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఒక మాట. ఆ సైన్యం 2008లో ప్రకటించి 2016 దాకా నడిపిన మావ్నీ పథకం కింద, మన భాషలు తెలిసిన భారతీయ యువకులు కొందరు చదువు వీసాల మీద ఉండగానే చేరి పౌరసత్వం పొందారు. వాళ్ళలో తెలుగువారూ ఉన్నారు. అక్కడే పుట్టి పెరిగి నేషనల్ గార్డ్‌లోనో రిజర్వ్‌లోనో చేరుతున్న పిల్లలూ ఉన్నారు. చేరేటప్పుడు రిక్రూటర్ చేతిలోని కాగితం మీద భత్యం అంకె నిండుగా కనిపిస్తుంది. అందులో ఎంత వెనక్కి పోతుందో, ఎప్పుడు పోతుందో సంతకానికి ముందే అడిగి తెలుసుకోండి.

చేరినవాళ్ళు ఎల్ఈఎస్ అనే జీతం చీటీని ప్రతి నెలా తెరిచి చూడాలి. మైదానానికి ఏ తేదీన బయల్దేరారో, ఏ తేదీన తిరిగొచ్చారో సొంతంగా రాసి పెట్టుకోండి. కోత ఆ తేదీలకే పరిమితమైందా, తిరిగొచ్చాక కూడా సాగుతోందా సరిచూసుకోండి. డ్యూటీ వల్ల తినలేకపోయిన పూటలకు డబ్బు వెనక్కి అడిగే వీలుంది. దానికి 4187 నంబరు ఫారం నింపి పై అధికారి సంతకం తీసుకోవాలి. చాలామంది కుర్రాళ్ళు సార్జెంట్‌ను అడగడానికి మొహమాటపడి వదిలేస్తారు. మొహమాటం వద్దు. ఎక్కువ పట్టుకున్నారని అనుమానం వస్తే యూనిట్‌లోని ఎస్-1 కార్యాలయానికి వెళ్ళండి. అక్కడ తెమలకపోతే మీ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడికి రాయండి. ఆసుపత్రి బిల్లు ఆగింది ఒక కాంగ్రెస్ సభ్యుడు పట్టించుకున్నందుకేనన్నది మరవకండి. ఓటున్న తల్లిదండ్రుల ఉత్తరానికి అక్కడ విలువ ఉంది.

ఇక అక్కడి చట్టసభ చేయాల్సిన పని చిన్నది. ఆజ్ఞ మీద మైదానంలో ఉన్న సైనికుడికి పెట్టే భోజనానికి వెల లేదని ఒక్క వాక్యం రాయాలి. యుద్ధభూమిలో వర్తించిన పద్ధతిని సాధన భూమికీ వర్తింపజేయాలి. 2003లో మంచం మీద ఉన్నవాడి కోసం ఆ వాక్యం కొన్ని నెలల్లోనే రాయగలిగారు. ఎడారిలో ఉన్నవాడి కోసం ఇంకా రాయలేదు. ఈ నెల కూడా మొజావీ ఇసుకలోంచి తిరిగొచ్చే సిపాయిల జీతం చీటీల్లో ఆ పద్దు పడుతుంది. మీ ఇంట్లో అలాంటి చీటీ ఉంటే ఇవాళే తీసి చూడండి.